తిమింగలం చెవిలో దొరికిన సాక్ష్యం

చేప తోక నిలువుగా ఉంటుందని బారువలోనో కళింగపట్నంలోనో వల లాగే మత్స్యకారుడికి వేరే చెప్పక్కర్లేదు. చేప దాన్ని కుడి ఎడమలకు ఆడిస్తూ ఈదుతుంది. అదే తీరానికి ఎప్పుడైనా డాల్ఫినో తిమింగలమో కొట్టుకొస్తే, దాని తోక అడ్డంగా పరిచినట్టు ఉంటుంది. బతికుండగా అది తోకను పైకీ కిందికీ ఆడించి ఈదుతుంది. పరుగెత్తే కుక్క నడుమూ అలాగే పైకీ కిందికే వంగుతుంది. పైగా తిమింగలం ఊపిరి కోసం నీటిపైకి రావాలి, పిల్లకు పాలివ్వాలి. నేలమీద నడిచిన పూర్వీకుల ఆనవాళ్ళివి.

"అవి నడవడం ఎవరు చూశారు?" అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు రాళ్ళలో ఉంది, కాకపోతే మన ఉత్తరాంధ్ర కొండల్లో కాదు. తూర్పు కనుమల ఖొండలైటు రాళ్ళు సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందటే భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారిపోయినవి. వాటిలో ఎముకలు దొరకవు. జమ్మూలోని కాలాకోట్ దగ్గర దొరికాయి. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు అక్కడ సేకరించిన శిలాజాల్లోంచి ఒక చిన్న గిట్టల జంతువును గుర్తించి, 1971లో 'ఇండోహయస్' అని పేరు పెట్టారు. ఆయన పోయాక, ఇంకా పగలగొట్టని రాళ్ళను హాన్స్ థెవిస్సెన్ అనే శాస్త్రవేత్తకు ఆయన భార్య అప్పగించారు. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రెలో చెవి ఎముక పొరపాటున విరిగింది. లోపలి గోడ ఒకవైపు బాగా మందంగా ఉంది. అలాంటి చెవి అప్పటిదాకా తిమింగలాల జాతికి తప్ప మరే జంతువుకూ ఉన్నట్టు తెలియదు. దాదాపు పిల్లి అంతే ఉన్న, నాలుగు కాళ్ళ, 4.8 కోట్ల ఏళ్ళ నాటి జంతువుకు తిమింగలం చెవి! 2007లో ఈ సంగతి అచ్చయింది. ఇండోహయస్ తిమింగలాలకు నేరుగా తాత కాకపోవచ్చు, దగ్గరి దాయాది మాత్రం అవును.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఒప్పించింది అంతకుముందు నడిచిన ఒక తగాదా. 1990లలో డీఎన్‌ఏ పరిశీలించినవాళ్ళు తిమింగలానికి బతికున్నవాటిలో అతి దగ్గరి చుట్టం నీటిగుర్రమే అన్నారు. శిలాజాలు తవ్వేవాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. పళ్ళ పోలికను బట్టి, ఎప్పుడో అంతరించిన వేరే గిట్టల మాంసాహారుల సంతతే తిమింగలాలని వాళ్ళ వాదన. 2001లో పాకిస్తాన్‌లో దొరికిన తొలి తిమింగలాల చీలమండ ఎముకలు బయటపడ్డాయి. ఆ ఎముక రెండు కొసలూ కప్పీలా గాడిపడి ఉన్నాయి. ఆవు, మేక, పంది, జింక, నీటిగుర్రం ఉన్న కుటుంబంలో తప్ప ఆ ఆకారం కనబడదు. పాత వాదనను గట్టిగా నమ్మిన ఫిలిప్ జింజెరిచ్ తాను తవ్వి తీసిన ఆ ఎముకలను చూసే అభిప్రాయం మార్చుకున్నారు. ప్రయోగశాలలో జన్యువులు చదివినవాళ్ళూ, ఎడారిలో రాళ్ళు తవ్వినవాళ్ళూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశారు. పరిణామం జరగకపోయి ఉంటే ఇలా కలవాల్సిన అవసరమే లేదు.

ఇంత బలమైన సాక్ష్యమున్న పరిణామ సిద్ధాంతాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి 2023లో తీసేయడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ తరగతితో సైన్సు ఆపేసే పిల్లలకు ఇక ఈ కథ ఎవరు చెబుతారు?

నేలమీది జంతువుకూ నేటి తిమింగలానికీ మధ్య దశలూ దొరికాయి. కచ్ఛ్ రాళ్ళలో పొట్టి కాళ్ళు, పొడుగు తోక ఉన్న తిమింగలాలు; ఈజిప్టు ఎడారిలో పదిహేను మీటర్ల శరీరానికి రెండడుగులైనా లేని వెనక కాళ్ళు, పాదాలూ వేళ్ళతో సహా. నేటి తిమింగలం కండలో ఇప్పటికీ వెన్నెముకకు అతకని చిన్న తుంటి ఎముకలున్నాయి. పళ్ళు లేని నీలి తిమింగలం వంటి జాతుల పిండాల్లో పళ్ళ మొగ్గలు పుట్టి కరిగిపోతాయి. పంటిపై పింగాణీ పొర తయారుచేసే జన్యువులు వాటి డీఎన్‌ఏలో ఉన్నాయి, కానీ చెడిపోయి ఉన్నాయి. పళ్ళున్న పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి అనుకుంటేనే దీనికి అర్థం.

మన ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలూ నేలమీది పూర్వీకుల ఆనవాళ్ళను మోస్తోంది. బతుకంతా సముద్రంలోనే అయినా గుడ్లు మాత్రం ఇసుకలోనే పెట్టాలి. పెంకు గుండా గాలి అందకపోతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. తాబేలు డిప్ప ఏర్పడడంలోనూ మధ్య దశ దొరికింది: 2008లో చైనా నుంచి 22 కోట్ల ఏళ్ళ నాటి తాబేలు శిలాజం వెలుగులోకి వచ్చింది. దానికి పొట్ట కింద డిప్ప పూర్తిగా ఉంది, వీపు మీద డిప్ప ఇంకా ఏర్పడలేదు, నోట్లో పళ్ళున్నాయి. నేటి తాబేలు పిండంలోనూ పొట్టకింది డిప్పే ముందు గట్టిపడుతుంది.