పెన్‌డ్రైవ్‌లో పాట, కారులో చెవి

గుంటూరు నుంచి శ్రీశైలం బయల్దేరే ముందు రోజు రాత్రి కూర్చుని, నాన్న కోసం 64 జీబీ పెన్‌డ్రైవ్ నిండా పాత పాటలు ఎక్కించాను. తెల్లవారుజామున కారులో పెడితే స్టీరియో తెర మీద అర నిమిషం ‘రీడింగ్’ అని వెలిగి, తర్వాత ‘నో ఫైల్’ అని వచ్చింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం అవే పాటలు చక్కగా పాడాయి. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ళు అమర్చే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఆ స్టీరియోకి తెలిసింది ఫ్యాట్32 ఒక్కటే. దారి పొడుగునా రేడియోతోనే సరిపెట్టుకున్నాం.

పాత కార్లలో చాలా స్టీరియోల సంగతి ఇంతే. 32 జీబీ, అంతకంటే చిన్న పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లోనే ఫ్యాట్32గా ఫార్మాట్ చేసుకోవచ్చు. చేస్తే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే వేరేచోట దాచుకోవాలి. చోటు చాలదన్న బెంగ అక్కర్లేదు. మంచి నాణ్యతతో చేసిన నాలుగు నిమిషాల పాటలు 32 జీబీలో మూడు వేలకు పైగా పడతాయి.

అన్ని పాటలు ఎలా పడుతున్నాయన్నదే అసలు విశేషం. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాస్తారు, అదీ కుడి ఎడమలకు విడివిడిగా. నాలుగు నిమిషాల పాటకి 42 ఎంబీ అవుతుంది. అదే పాట సెకనుకు 128 కిలోబిట్లు వాడే ఎంపీ3గా మారితే నాలుగు ఎంబీ కూడా ఉండదు. మిగతాది ఎక్కడికి పోయింది?

జవాబు మన చెవిలోనే ఉంది. వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే పక్కగదిలోంచి అమ్మ పిలుపు వినపడదు. పెద్ద శబ్దం, దానికి దగ్గరి శ్రుతిలో ఉన్న చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. డప్పు మీద గట్టి దెబ్బ పడ్డాక క్షణకాలం పాటు సన్నటి ధ్వనులు చెవికి ఆనవు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు ఈ గుణాన్నే ఆధారం చేసుకుని ఎంపీ3 పద్ధతి మీద పనిచేశారు. ఎంపీ3 పాటని సెకనులో ముప్పయ్యో వంతు కూడా లేని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ స్వరం దేన్ని కప్పేస్తోందో లెక్క కడుతుంది. కప్పబడే వాటిని మోటుగా రాసి బిట్లు మిగుల్చుకుంటుంది. ఆ మోటుతనం వల్ల పుట్టే రొద పెద్ద శబ్దాల చాటున దాక్కోవాలన్నదే అందులోని కిటుకు.

బిట్లు మరీ తక్కువైతే ఆ రొద చాటు దాటి బయటపడుతుంది. 64 కిలోబిట్ల భజన పాటొకటి హెడ్‌ఫోన్‌లో పెట్టి తాళం మోగే చోట ఆగి వినండి. కంచు ఖంగుమనే ముందే సన్నగా ‘ఉస్’ అంటుంది. తాళం గుండ్రంగా మోగకుండా నీళ్ళలో ముంచినట్టు తడితడిగా ఉంటుంది. అలాంటి ఫైలుని 320కి మార్చి బాగుపడిందనుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. పిండి పట్టించాక మళ్ళీ బియ్యపు గింజలు రావు. ఫైలు లావవుతుంది, పోయిన తాళం మాత్రం తిరిగి రాదు. ఇంట్లో సీడీ ఉంటే దాన్నుంచే నేరుగా, 192కి తగ్గకుండా చేసుకోండి.

కారు కదిలాక కప్పేసే పని టైర్లూ, గాలీ, ఇంజినూ అందుకుంటాయి. మంద్రస్థాయి ఆలాపన ఆ హోరులో మునిగిపోతుంది. నాన్న వాల్యూమ్ పెంచుతారు, తర్వాత కొత్త సినిమా పాట వచ్చి చెవులు చిల్లులు పడతాయి. దీనికి ఎంపీ3గెయిన్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. ఎంపీ3లోని ప్రతి ముక్కలోనూ ధ్వని తీవ్రతను తెలిపే అంకె ఒకటుంటుంది. ఈ సాఫ్ట్‌వేర్ ఆ అంకెనే ఒకటిన్నర డెసిబెళ్ళ చొప్పున మారుస్తుంది. పాటని మళ్ళీ కుదించదు కాబట్టి నాణ్యత తగ్గదు.

వరస విషయానికొస్తే, చాలా స్టీరియోలు అక్షరక్రమం చూడవు, పెన్‌డ్రైవ్ పట్టికలో ఏది ముందు నమోదైతే అదే ముందు పాడతాయి. సుప్రభాతం మొదట రావాలంటే మొదట అదే కాపీ చేయాలి.

నన్ను నిజంగా బాధపెట్టేది పేర్ల సంగతి. ఎంపీ3లో పాట వివరాలు రాసే తొలి పద్ధతి, 1996 నాటి ఐడీ3, పేరుకి 30 బైట్లే ఇచ్చింది. అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘శ్రీ’ ఒక్కదానికే 12 బైట్లు కావాలి. శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిసి అది నాలుగు సంకేతాలు. రెండు శ్రీలు రాసేసరికి చోటు అయిపోవచ్చింది. తర్వాతి పద్ధతుల్లో ఈ ఇరుకు లేదు. అయినా స్టీరియోలో తెలుగు ఫాంటు, ఒత్తుల్ని కూర్చే ఏర్పాటు లేకపోతే తెర మీద కనపడేవి డబ్బాలే. మన ఊళ్ళో అమ్మే కారు మన అక్షరం చదవాలని అడగడం అత్యాశ కాదు.

ప్రస్తుతానికి నాన్న పెన్‌డ్రైవ్‌లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉన్న అసలు కాపీల్లో మాత్రం తెలుగు పేర్లు అలాగే ఉంచాను.