లైసెన్సుకు చదువు అక్కర్లేదన్నారు, మరి నేర్పేదెవరు?

నగర శివార్లలో టిప్పరో, డీసీఎం వ్యానో ఎవరినైనా గుద్దితే చాలు, చర్చ ఒకటే: బతకడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లకు, చదువు రానివాళ్లకు స్టీరింగ్ ఎలా ఇచ్చారు? ఇప్పుడూ అదే మాట. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల నుంచి ఎత్తుకోనక్కర్లేదు. అసలు ముడి 2019లో పడింది.

అప్పటిదాకా రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి పాసవ్వాలి. తమ రాష్ట్రంలోని మేవాత్ ప్రాంతంలో డ్రైవింగే బతుకుదెరువైన చాలామందికి ఆ చదువు లేదు, సడలించండని హరియాణా ప్రభుత్వం అడిగింది. 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందంటూ కేంద్రం ఆ షరతు ఎత్తేసింది. ఊరికే ఎత్తేయలేదు. డ్రైవింగ్ స్కూళ్లు గట్టి శిక్షణ ఇవ్వాలంది. రోడ్డు గుర్తులు చదవడం, లాగ్‌బుక్ రాయడం, బండిని తనిఖీ చేసుకోవడం నేర్పాలంది. ఇవాళ గొంతు చించుకుంటున్నవాళ్లు ఈ రెండో సగం ఊసెత్తడం లేదు.

2021 జులైలో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు వచ్చాయి. కారు కోర్సు 29 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీఏ ట్రాక్ మీద మళ్లీ టెస్ట్ ఉండదు. బాగానే ఉంది. కాకపోతే ఒక్కో కేంద్రానికి మైదాన ప్రాంతంలో 2 ఎకరాలుండాలి. హైదరాబాద్‌లో 2 ఎకరాలున్నవాడు డ్రైవింగ్ స్కూల్ పెడతాడా, అపార్ట్‌మెంట్లు లేపుతాడా? అశోక్ లేలాండ్‌తో కలిసి రాష్ట్రం పెట్టిన పెద్ద శిక్షణ సంస్థేమో సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ఉంది. పటాన్‌చెరులో రోజుకూలీకి చేసే ఒడిశా కుర్రాడు పని మానుకుని వారాల తరబడి అక్కడుంటే ఇంటికి డబ్బులెవరు పంపుతారు?

అందుకే క్లీనర్‌గా బండెక్కి, డ్రైవరన్న పక్కన కూర్చుని నేర్చుకుంటాడు. గేర్లు వస్తాయి, రివర్స్ వస్తుంది. ఎర్ర వలయంలో లారీ బొమ్మ కనిపిస్తే లోపలికి పోకూడదని తెలుస్తుంది. దాని కింద తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసిన టైమింగులు మాత్రం చదవలేడు. చలానా పడ్డాక ఎవరో చెబుతారు.

దళారులు, దొంగ లైసెన్సుల వల్లే ఇదంతా అనేవాళ్లూ ఉన్నారు. అదీ కొంత నిజమే.

2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకో అడ్డు తీసింది. కార్ల లాంటి తేలికపాటి వాహనాల (ఎల్ఎంవీ) లైసెన్సుంటే 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు విడిగా అనుమతి అక్కర్లేదంది. ఇలాంటి లైసెన్సుల వల్లే ప్రమాదాలు పెరిగాయనడానికి లెక్కలేవీ చూపలేదని కూడా చెప్పింది. ఎనిమిదో తరగతి షరతు మళ్లీ తెమ్మంటున్నవాళ్లూ ముందు ఆ లెక్కలే బయటపెట్టాలి.