వరహాల లెక్కలో పుట్టిన సరిహద్దు

అనంతపురం ప్రాంతపు మ్యాపు ఒకటి ముందు పరుచుకుని, హిందూపురం దగ్గర పెన్న మీద వేలు పెట్టండి. నంది కొండల్లో పుట్టి గౌరిబిదనూరు మీదుగా వచ్చిన ఏరు ఇక్కడికి ఆంధ్రలో అడుగుపెట్టి ఉంటుంది. వేలిని నదితోపాటే ఉత్తరానికి జరపండి. కాసేపటికే మళ్లీ కర్ణాటక, పావగడ తాలూకాలోని నాగలమడిక. ఇంకొంచెం పైకి పోతే పేరూరు డ్యాం, అది తిరిగి ఆంధ్ర. చూస్తుండగానే పెన్న రాష్ట్ర సరిహద్దును మూడుసార్లు దాటేసింది. నది మాత్రం మొత్తంమీద ఉత్తరం పట్టుకునే పోతోంది. మెలికలన్నీ సరిహద్దు గీతవే.

ఆ మెలికను దగ్గరగా చూద్దాం. పావగడకు ఉత్తరాన, తూర్పున, దక్షిణాన ఆంధ్రే. పడమటి వైపు మాత్రం కొంతమేర కర్ణాటకను తాకుతుంది, అదీ చిత్రదుర్గ జిల్లాను. పావగడ ఉన్నదేమో తుమకూరు జిల్లాలో! జిల్లా కేంద్రానికి పోవాలంటే ఆంధ్ర నేల తొక్కాలి, లేదంటే చిత్రదుర్గ జిల్లాలోంచి చుట్టి రావాలి. పావగడకు దక్షిణాన ఉన్న మడకశిరది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. మడకశిర, రొళ్ల, అగళి, గుడిబండ, అమరాపురం మండలాలు కర్ణాటకలోకి నాలుకలా చొచ్చుకుపోయి ఉంటాయి. తూర్పున హిందూపురం, పరిగి వైపు తప్ప మూడు దిక్కులా కన్నడ సీమే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ఈ మండలాలు అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లాయి. రాష్ట్ర సరిహద్దు ఇసుమంత కూడా కదల్లేదు.

పిన్‌కోడ్‌లో కూడా ఈ విడి కాపురం కనిపిస్తుంది. తుమకూరు పిన్ 572తో మొదలవుతుంది, పావగడది 561202. పావగడ వీధుల్లో తెలుగు, మడకశిర పల్లెల్లో కన్నడ ధారాళంగా వినిపిస్తాయి.

ఇట్లాంటి గీత ఎవరు గీశారు? నిజానికి మొదట ఎవరూ గీయలేదు, జాబితా రాశారు. 1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ, నిజాం, మైసూరు రాజవంశమైన ఒడయార్లు పంచుకున్నారు. ఆ ఒప్పందానికి జతచేసిన పట్టికల్లో ఉన్నవి తాలూకాల పేర్లు, ఒక్కొక్క దానికి ఎదురుగా ఏటా వచ్చే రాబడి, అప్పటి మైసూరు బంగారు నాణేలైన కంఠీరవ వరహాల్లో. ఎవరి వాటాకు ఎన్ని వరహాలు అన్నదే లెక్క. కోట ఎవరిదైతే దానికి శిస్తు కట్టే పల్లెలన్నీ వారివే. ఆ పల్లెలు నేల మీద ఒకచోట కలిసి ఉన్నాయా, మధ్యలో పరాయి పల్లె దూరిందా అని పట్టిక చూసుకోదు. పాలెగాళ్లు ఏలిన ఈ సీమలో శిస్తు పల్లెలు ఎలా పడితే అలా అల్లుకుని ఉండేవి. పావగడ కోట మైసూరు వైపు మిగిలింది. చుట్టూ ఉన్న సీమ నిజాం చేతికి వచ్చి, 1800లో దత్తమండలాలుగా కంపెనీకి పోయింది.

మ్యాపు ఆ తర్వాతే వచ్చింది. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ చేసిన మైసూరు సర్వే 1799లో మొదలై దాదాపు పదేళ్లు నడిచింది. అప్పటికే కాగితం మీద పంచేసిన రాజ్యానికి హద్దులు ఎక్కడున్నాయో ఊరూరా వెతికి గుర్తించడం అందులో ముఖ్యమైన పని. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు కూడా కొలమానం తాలూకాయే. ఆదోని, ఆలూరు కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. పాత లెక్కల పుస్తకంలోని హద్దులు అలాగే నిలిచిపోవడానికి, నా దృష్టిలో, ఇదే పెద్ద కారణం.

దీన్ని స్వయంగా చూడాలనుకుంటే సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు, అంటే ఊళ్లు, వంకలు, ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు తీసుకోండి. 1:50,000 స్కేలులో పావగడ 57ఎఫ్/8 నంబరు షీటులో, మడకశిర దాని కిందనే 57జి/5లో వస్తాయి. రెండింటినీ విడదీసేది 14 డిగ్రీల అక్షాంశం. పై షీటు అడుగు అంచును మ్యాపు గీత వెంబడి కోసి, కింది షీటు మార్జిన్ మీద అతికించాలి. పడమటి నాలుక చివరి దాకా కావాలంటే ఆ పక్క షీట్లు కూడా కలపాలి. ఒక్కో షీటులో మ్యాపు భాగం సుమారు 55 సెంటీమీటర్లు. దాన్ని ఏ4 కాగితం మీదకు కుదించి ప్రింటు తీస్తే సెంటీమీటరుకు 500 మీటర్లనే లెక్క చెల్లదు. అందుకే అంకె స్కేలును వదిలేసి, మ్యాపు అడుగున ఉండే స్కేలు పట్టీతోనే కొలవాలి. పక్కపక్క షీట్లు వేర్వేరు సంవత్సరాల సర్వేవైతే రోడ్డు అంచు దాకా వచ్చి ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, రెండు షీట్ల మీదా సర్వే సంవత్సరం చూడండి.

ఎక్కువమంది పొరబడేది మరోచోట. ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలను ఈ పాత షీటు మీద నేరుగా గుర్తిస్తారు. అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి భూమి ఆకారాన్ని ఒక నమూనాగా తీసుకుంటారు. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాకృతి అనే నమూనా ఆధారంగా తయారైనవి, ఫోను వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో నమూనా. రెండింటికీ ఈ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. దానికి తోడు అర మిల్లీమీటరు పెన్సిల్ గీత నేల మీద 25 మీటర్లు. కాబట్టి గట్టు దగ్గరి చేను ఏ రాష్ట్రానిదో టోపోషీటు తేల్చలేదు. దానికి గ్రామ నక్షా, క్షేత్ర కొలతల పుస్తకం, పొలిమేర రాయి ఉండాల్సిందే. మూడు ఊళ్ల హద్దులు కలిసేచోట పాతిన రాయి అన్నిటికన్నా నమ్మకమైనది. దాన్ని దున్నేటప్పుడు పెరికేస్తే తిరిగి పాతడానికి సర్వేయర్ రెండు వైపులా కొలవాలి.

నీటి హద్దు ఈ గీతలతో కలవదు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని కర్ణాటకలో పుట్టి ఇటు వస్తాయి. ఎగువన మైసూరు, దిగువన మద్రాసు కాబట్టే ఆ రెంటి మధ్య నీటి గురించి కుదిరిన 1892 ఒప్పందంలో ఈ నదుల పేర్లు ఎక్కాయి. దాని ప్రకారం వాటి మీద కొత్త జలాశయం కట్టాలంటే మైసూరు ముందుగా మద్రాసు నుంచి సమ్మతి తీసుకోవాల్సి ఉండేది.

నీరు తనంతట తాను పంచుకునే హద్దు మిట్ట మీద ఉంటుంది. కర్నూలు వైపు చూడండి. హంద్రీ తుంగభద్రలో, తుంగభద్ర కృష్ణలో కలుస్తాయి. నంద్యాల మీదుగా పారే కుందూ పెన్నలో కలుస్తుంది. మధ్యలో మిట్టకందాల దగ్గర ఒక మిట్ట ఉంది. 1863–70 మధ్య తవ్విన కర్నూలు–కడప కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని, కర్నూలులో హంద్రీని అక్విడక్టు (కాలువను మోసే వంతెన) మీదుగా దాటి, ఆ మిట్టను కోసుకుంటూ కుందూ లోయలోకి దిగుతుంది. కృష్ణకు పోవాల్సిన నీళ్లు కడప చేలలోకి చేరేది ఆ కోత వల్లనే.

అలాంటి మిట్టను టోపోషీటు మీద పట్టుకోవడం కష్టం కాదు. ఎదురెదురు దిక్కులకు పారే వంకల మొదళ్లు వెతకండి. సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, వంక దగ్గర ఎగువకు మొన తేలి ఉంటాయి, మిట్ట దగ్గర దిగువకు. దిగువకు తేలిన మొనల మధ్యగా, ఏ వంకనూ దాటకుండా గీత లాగండి. ఎక్కడైనా నీలి గీతను దాటాల్సి వచ్చిందంటే ఒక మొదలును తప్పు చదివారన్నమాట, వెనక్కి వెళ్లి సరిచూసుకోండి. ఆ నీలి గీత మనుషులు తవ్విన కాలువైతే మాత్రం మీ గీత సరైనదే.