రాత్రి చల్లబడాల్సిన మొక్కలు

పిల్లలూ, ఆశీస్సులు.

కూజా మొక్క, అదే కూజాలాంటి ఆకుల్లో పురుగుల్ని పట్టే పిచర్ ప్లాంట్, పెంచాలని ఉందన్నారు. "అదీ ఉష్ణమండలం మొక్కే, మన విశాఖలోనూ ఉక్కేగా, ఎందుకు బతకదు?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

భూమధ్యరేఖకు దగ్గర్లో, బోర్నియో దీవిలో కినబాలు అనే కొండ ఉంది. ఎత్తు 4,095 మీటర్లు. 1,500 మీటర్లు దాటాక దాని వాలుల్లో నెపెంథిస్ రాజా అనే కూజా మొక్క పెరుగుతుంది. ఆకు కొస తీగలా సాగి, చివర కూజాలా ఉబ్బుతుంది. పెద్ద కూజాలో మూడు లీటర్ల నీళ్లు పడతాయి! మూత అడుగున ఊరే తీపి కోసం ఉడతంత జంతువొకటి, ట్రీ ష్రూ, అంచు మీదికెక్కి కూర్చుంటుంది. నాకుతూ నాకుతూ ఆ కూజాలోనే దొడ్డికి పోతుంది. మొక్కకు అదే ఎరువు. నవ్వుకోండి, కానీ నిజం.

వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అందుకే కొండ మీద పగలు హాయిగా ఉన్నా రాత్రి చలి వేస్తుంది. మొక్క పగలు ఎండతో చక్కెర తయారుచేసుకుంటుంది, రాత్రంతా ఊపిరి పీలుస్తూ అందులో కొంత ఖర్చుపెడుతుంది. రాత్రి పది డిగ్రీలు వేడెక్కితే ఆ ఖర్చు దాదాపు రెట్టింపు. మే నెలలో మన రాత్రి 27, 28 డిగ్రీలకు దిగడమే గగనం. మొక్క ఒక్కరోజులో చావదు. ముందు కూజాలు వేయడం మానేస్తుంది, తర్వాత ఆకులు చిన్నవవుతాయి.

తడిగుడ్డ కడితే చల్లబడదా అంటారేమో. అనంతపురంలో కొంత పనిచేస్తుంది, అక్కడి వేసవిగాలి పొడిగా ఉంటుంది. చల్లదనం వచ్చేది నీరు ఆవిరైతేనే. సముద్రపు గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే గుడ్డ ఆరదు, చల్లబడదు. మన ఊళ్లో కూలర్లు ఉక్క పెంచేది ఇందుకే. ఏసీ గదిలో ఊరికే పెట్టినా కుదరదు, ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, ఈ మొక్కకేమో తేమ కావాలి. మూతున్న గాజుతొట్టెలో ఉంచి, రాత్రి ఏసీ వేసే గదిలో పెట్టేవాళ్లున్నారు. కరెంటు బిల్లు మీ నాన్న చూసుకోవాలి మరి.

నన్నడిగితే కొండజాతిని వదిలేయండి. నెపెంథిస్ మిరాబిలిస్, రాఫ్లేసియానా పల్లపు ప్రాంతాలవి, వెచ్చటి రాత్రులు వాటికి అలవాటే. కడిగిన కొబ్బరిపీచులో బొగ్గుముక్కలు కలిపి నాటండి. బోరునీళ్లు వద్దు, వాననీళ్లు పోయండి. ఎరువు మట్టిలో వేయకండి. కొనేముందు నర్సరీలో పెంచిన మొక్కేనా, అడవిలోంచి పీకి తెచ్చిందా అని తప్పకుండా అడగండి.

మీ తాతయ్య