పాఠం చెప్పడానికి పుట్టిన ఆటలు యూత్ చేతిలో పడ్డాక ఏమయ్యాయి

పిల్లలు ఫోన్ వదలట్లేదు కాబట్టి మంచి బోర్డ్ గేమ్ ఒకటి చేసి దాంట్లోనే పర్యావరణం గురించో పొదుపు గురించో చెప్పేద్దాం అనే మాట ఈ మధ్య టీచర్ల దగ్గరా కొత్త డిజైనర్ల దగ్గరా బాగా వినిపిస్తోంది. ఉద్దేశం చాలా మంచిది. కానీ ఈ ఆలోచనకి 250 ఏళ్ళు దాటాయి, ఎక్కడ పని చేసింది ఎక్కడ చేతికి చిక్కకుండా జారిపోయింది అనేది తెలిస్తే ఇప్పుడు చేసేవాళ్ళకి బోలెడు శ్రమ తగ్గుతుంది.

1759లోనే లండన్‌లో జాన్ జెఫరీస్ అనే ఆయన యూరప్ మ్యాప్ మీద ప్రయాణం చేసే ఆట అచ్చు వేశాడు, ఆడుతూ జాగ్రఫీ నేర్చుకోవాలని. 1843లో అమెరికాలో వచ్చిన మాన్షన్ ఆఫ్ హ్యాపీనెస్ అయితే అచ్చం మన వైకుంఠపాళి లాంటిదే, మంచి గుణం గడిలో పడితే ముందుకి, చెడ్డ గుణంలో పడితే వెనక్కి. పాచికలంటే జూదం అనుకునే రోజులు కదా, అందుకని వాటి బదులు అంకెలున్న చిన్న బొంగరం తిప్పేవాళ్ళు. అంటే ఆడేది పిల్లలైనా ఒప్పించాల్సింది తల్లిదండ్రుల్ని, డిజైన్ మొత్తం వాళ్ళ కోసమే.

అన్నిటికంటే ముఖ్యమైన కథ ఎలిజబెత్ మ్యాగీది. 1904లో ఆవిడకి ల్యాండ్‌లార్డ్స్ గేమ్ మీద పేటెంట్ వచ్చింది, భూమి కొద్దిమంది చేతుల్లో ఉంటే అద్దెలు కట్టేవాళ్ళు ఎలా చితికిపోతారో చూపించాలని ఆవిడ తపన. రెండు రకాల రూల్స్ పెట్టింది, ఒకదాంట్లో సంపద పెరిగితే అందరికీ లాభం, ఇంకోదాంట్లో ఒక్కడే మిగతా అందర్నీ దివాలా తీయించి గెలుస్తాడు. కాలేజీ కుర్రాళ్ళు, స్నేహితుల గుంపులు బోర్డులు చేత్తో గీసుకుని తమ ఊరి వీధుల పేర్లు రాసుకుని ఆడేవాళ్ళు, ఒక్క యాడ్ లేకుండా అలా ఏళ్ళ తరబడి పాకింది. చివరికి 1935లో, ఈ ఆట తనదేనని చెప్పుకున్న చార్లెస్ డారో దగ్గర్నుంచి పార్కర్ బ్రదర్స్ అనే ఆటల కంపెనీ కొని మోనోపలీగా అమ్మింది, మ్యాగీకి పేటెంట్ కింద దక్కింది 500 డాలర్లు, రాయల్టీ లేదు. మిగిలింది ఆ దివాలా రూల్స్ ఒక్కటే. ఈ కథ ఎప్పుడు చదివినా మనసుకి కష్టంగానే ఉంటుంది నాకు. కానీ డిజైనర్ చూడాల్సింది ఇంకోటి ఉంది, ఆవిడ హెచ్చరికగా పెట్టిన రూల్సే ఆడేవాళ్ళకి ఎక్కువ మజా ఇచ్చాయి, ఉద్దేశం ఏదైనా చేతిలో మిగిలేది రూల్ ఇచ్చే అనుభవమే.

1950ల్లో టీవీ యాడ్స్ వచ్చాక కంపెనీలు నేరుగా పిల్లలతోనే మాట్లాడటం మొదలుపెట్టాయి, తర్వాత 1963లో మౌస్ ట్రాప్, 1965లో ఆపరేషన్ అనే ఆటలు వచ్చాయి, చూడగానే కావాలనిపించే ప్లాస్టిక్ బొమ్మలు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, కథ అల్లుకుంటూ ఆడే ఆటకి అవేం లేవు, మొదట వేసింది వెయ్యి కాపీలే, క్లబ్బుల్లో కాలేజీల్లో జిరాక్సులు తీసుకుని మరీ ఆడారు. 1980ల్లో ఇది క్షుద్రపూజలు నేర్పుతుందని, పిల్లల్ని ఆత్మహత్యల వైపు నెడుతుందని అమెరికాలో పెద్ద గోల జరిగింది, 1983లో దీన్ని ఆపాలని ఒక సంస్థే పెట్టారు, ఆరోపణలు మాత్రం రుజువు కాలేదు. యూత్ దానికి ఎందుకు అంతలా అతుక్కుపోయారంటే, నా ఉద్దేశంలో, ఆ ఆటలో ఒకడు కథ నడిపించాలి, లోకం తనే కట్టాలి, అంటే ప్రతి టేబుల్ దగ్గరా ఒక కొత్త డిజైనర్ తయారవుతున్నట్టే.

జర్మనీ దారి వేరు. అక్కడ 1979 నుంచి ఏటా ఉత్తమ ఆటకి అవార్డ్ ఇస్తున్నారు, ఆ ముద్ర ఉంటే ఇంట్లోవాళ్ళు నమ్మి కొంటారు. 1988లో న్యూరెంబర్గ్ బొమ్మల ఫెయిర్‌లో 13 మంది డిజైనర్లు, పెట్టె మీద డిజైనర్ పేరు వేయని పబ్లిషర్‌కి ఆట ఇచ్చేది లేదని బీరు గ్లాసు కింద పెట్టే అట్ట మీద రాసి సంతకాలు పెట్టారు. మ్యాగీకి జరిగింది తలుచుకుంటే ఆ అట్ట ముక్క విలువేంటో తెలుస్తుంది. 1995లో అక్కడే వచ్చిన కటాన్ అనే ఆటలో ఎవరూ మధ్యలో ఔట్ అయి పక్కన కూర్చోరు, చివరిదాకా అందరూ ఆటలోనే.

ఇంకో సంగతి, పెట్టెల మీద 14+ అని చూసి ఆట అంత కష్టమా అని భయపడకండి. 2008లో అమెరికాలో వచ్చిన చట్టం ప్రకారం 12 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లల కోసం చేసిన వస్తువులకి బయటి ల్యాబ్‌లో టెస్టింగ్ తప్పనిసరి, ఆ ఖర్చు భరించలేని చిన్న పబ్లిషర్లు 14+ వేసేస్తుంటారు, పదేళ్ళ పిల్ల హాయిగా ఆడగలిగే ఆట కూడా అలా షెల్ఫ్‌లోనే ఉండిపోతుంది.

మరి పాఠం చెప్పాలనుకునేవాళ్ళకి దారే లేదా అంటే ఉంది, పాఠాన్ని రూల్స్‌లోనే పెట్టడం. 2008లో వచ్చిన పాండమిక్ అనే బోర్డ్ గేమ్‌లో డిజైనర్ మ్యాట్ లీకాక్ ఒకరి మీద ఒకరికి పోటీ పెట్టలేదు, రోగం పాకకుండా అందరూ కలిసి ఆపాలి, ఓడితే అందరూ ఓడిపోతారు. 2019లో ఎలిజబెత్ హార్‌గ్రేవ్ తన ఆట వింగ్‌స్పాన్‌లో 170 పక్షుల కార్డులు పెట్టింది, పక్షిని బట్టి తినే తిండి, కట్టే గూడు మారతాయి, వేటాడే పక్షి కార్డ్ ఆటలో కూడా వేటాడుతుంది.