ఇన్‌సోల్ మీద బుడిపెలు, అరికాలిలో నరాలు

రోజూ వేసుకునే షూలోంచి ఇన్‌సోల్‌ని ఒకసారి బయటికి తీసి వెలుతురులో పెట్టి చూడండి. మడమ కింద గుంట పడి ఉంటుంది, బొటనవేలి మొదట్లో నల్లగా నిగనిగలాడే మచ్చ ఉంటుంది, వంపు దగ్గర మాత్రం చాలామందికి ఇంకా కొత్తదానిలాగే ఉంటుంది. మీ బరువు ఎక్కడెక్కడ పడుతోందో ఆ గుర్తులే చెప్పేస్తాయి. పాదానికి మేలు చేసే ఇన్‌సోల్ తయారీ ఇక్కణ్ణుంచే మొదలవ్వాలి. రిఫ్లెక్సాలజీ (అరికాలిలో ఫలానా చోట నొక్కితే లోపలి ఫలానా అవయవం బాగుపడుతుందనే పద్ధతి) పేరుతో వచ్చే బుడిపెల ఇన్‌సోల్స్ మాత్రం పాదం మీద గీసిన ఒక పటం నుంచి మొదలవుతాయి.

1910లలో అమెరికాలో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు శరీరాన్ని నిలువుగా 10 జోన్లుగా విడదీశారు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని పాదాల మీదికి తెచ్చి, ఇక్కడ కాలేయం, ఇక్కడ కిడ్నీ అని గుర్తులు పెట్టారు. కానీ అరికాలి నుంచి కాలేయానికి నేరుగా వెళ్లే నరమంటూ ఏదీ లేదు. పాదాలు నొక్కితే హాయిగా ఉంటుంది, టెన్షన్ తగ్గుతుంది, అది నిజమే. జబ్బు నయమవుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

అలాగని అరికాలు మొద్దు చర్మమేం కాదు. ఒత్తిడిని, చర్మం సాగడాన్ని, సన్నటి కంపనాన్ని వేరువేరుగా పసిగట్టే నరాల కొసలు అందులో ఉన్నాయి, మనం తూలిపడకుండా నిలబడటంలో వాటి పాత్ర పెద్దది. 2005లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు 60 దాటిన 108 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును 16 వారాలపాటు గులకరాళ్లలాంటి ఉపరితలం ఉన్న చాపల మీద నడిపించారు. మామూలుగా నడిచినవాళ్లకంటే వీళ్లకు బ్యాలెన్స్ బాగా కుదిరింది, రక్తపోటు కూడా కొంత తగ్గింది.

మరి ఆ రాళ్లనే షూలో పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. రాళ్లమీద నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ ఒత్తిడి కొత్తచోట పడుతుంది, ఇన్‌సోల్ మీది బుడిపె మాత్రం రోజంతా, వేల అడుగులు, ఒకే చోట నొక్కుతుంది. వేలూరులో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గట్టిగా చెప్పింది ఇదే: స్పర్శ పోయిన పాదానికి, ఒకే చోట మళ్లీమళ్లీ పడే ఓ మోస్తరు ఒత్తిడి చాలు, పుండు పడటానికి. మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వాడుకలోకి వచ్చింది ఆ ఒత్తిడిని పాదమంతా పరచడానికే. షుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు బుడిపెల ఇన్‌సోల్ జోలికి అస్సలు వెళ్లకూడదు, దయచేసి.

ఇన్‌సోల్ తయారీకి ప్రకృతి నుంచి ఏదైనా నేర్చుకోవాలంటే, నన్నడిగితే మడమను చూడమంటాను. అక్కడ దాదాపు 18 మిల్లీమీటర్ల మందాన కొవ్వు ఉంటుంది, అదీ ఒకే ముద్దలా కాదు, గట్టి పీచుగోడల మధ్య చిన్నచిన్న గదుల్లో. బరువు పడగానే కొవ్వు పక్కలకు జారిపోకుండా గోడలు ఆపుతాయి, అందుకే మడమ అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్‌తో ఇలాంటి గదుల అల్లికనే అచ్చు వేసి, ఒత్తిడి ఎక్కువున్నచోట మెత్తగా, వంపు కింద గట్టిగా, ఒకే ముక్కలో చేయొచ్చు.

కొత్త ఇన్‌సోల్ ఏదైనా సరే, మొదటిరోజు కాసేపు నడిచి సాక్స్ తీసి చూసుకోండి. ఎర్రటి మచ్చ అరగంటైనా పోకుండా అలాగే ఉంటే, సరిగ్గా ఆ చోటే ఒత్తిడి తగ్గించాలి.