బీరు రుచి మారింది బట్టీలో కాదు, డిపోలో

2023లో జగిత్యాల ప్రజావాణికి ఒకాయన అర్జీ పట్టుకొచ్చాడు. పింఛను కోసమో, పట్టా పాసుపుస్తకం కోసమో కాదు, పట్టణంలో కింగ్‌ఫిషర్ బీర్లు దొరకడం లేదని. జనం నవ్వుకున్నారు, వీడియో ఫోన్ల నిండా తిరిగింది, మర్చిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి, 2025 జనవరి 8న, ఆ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీసే తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నామని స్టాక్ ఎక్స్ఛేంజీలకు రాసింది. ధర పెంచలేదు, బకాయిలు కట్టలేదు అన్నవి అది చెప్పిన కారణాలు. ధర, బకాయి, కొరత అన్న మూడు మాటలు అలా కలిసి వినబడ్డాయి కాబట్టి, ఈ ముడి ఎక్కడ పడిందో చూడాలి.

కసౌలీలో తెల్లదొరలు బ్రూవరీ పెట్టిన సంగతి, 1992 దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం, 1995 జనవరి 16న మొదలైన మద్యనిషేధం, 1997లో దాని సడలింపు అందరికీ తెలిసినవే. వాటితో ఇప్పుడు పని లేదు. నిషేధం వచ్చి పోయింది. పోకుండా మిగిలినది అంతకుముందే, 1986లో పుట్టింది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషన్.

అప్పటినుంచి రాష్ట్రంలో మందుకు హోల్‌సేల్ వ్యాపారి ఒక్కడే, ప్రభుత్వం. 2014లో రాష్ట్రం రెండయ్యాక కార్పొరేషనూ రెండయింది, పద్ధతి మాత్రం అదే. కంపెనీ ముందు తన బ్రాండు, లేబులు రిజిస్టరు చేయించుకుని ఫీజు కట్టాలి. కేసు ఎంతకిస్తుందో, అంటే బేసిక్ ధర, కార్పొరేషన్‌తో ఖాయం చేసుకోవాలి. కేసంటే 650 మి.లీ. సీసాలు పన్నెండు, 7.8 లీటర్లు. ఆర్డరు వచ్చాక లారీ డిపోకు, అంటే కార్పొరేషన్ గోదాముకు చేరుతుంది. మూత మీద హోలోగ్రామ్ లేకపోతే సరుకు కదలదు. వైన్స్ యజమాని డబ్బు ముందే కట్టి, ఏ సరుకు ఎంత కావాలో ఇండెంటు పెట్టి, డిపో నుంచి ఎత్తుకుంటాడు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, దుకాణదారు దగ్గర సర్కారు ముందే వసూలు చేసుకుంటుంది, కంపెనీకి మాత్రం తర్వాత ఇస్తుంది. ఆ ‘తర్వాత’ ఎంత సాగితే బకాయి అంత పెరుగుతుంది. తాగినవాడు కౌంటర్ దగ్గర కట్టిన డబ్బు ఎక్కడో మధ్యలో ఆగిపోతుందన్న మాట. రెండోది, బేసిక్ ధర ఒకసారి ఖాయమైతే బార్లీ పెరిగినా, గాజు పెరిగినా, డీజిల్ పెరిగినా కంపెనీ తనంతట తాను రూపాయి పెంచలేదు. తెలంగాణలో 2019-20 నుంచి ఆ ధర కదల్లేదన్నది 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ చేసిన ఫిర్యాదు. సీసా మీది ఎమ్మార్పీలో 70 శాతం దాకా పన్నులేనని కూడా ఆ కంపెనీ అంటోంది. అంటే తాగేవాడికి ధర పెరిగిన ప్రతిసారీ తయారుచేసేవాడికి పెరిగినట్టు కాదు. పన్ను పెరిగితే ఎమ్మార్పీ పెరుగుతుంది, బేసిక్ ధర ఉన్నచోటే ఉంటుంది. వైన్స్ దగ్గర నిలబడి ‘కంపెనీలు దోచుకుంటున్నాయి’ అనేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

కంపెనీ కోరిన 33.1 శాతం పెంపు ఒప్పుకుంటే భారం జనం మీద పడుతుందని, మార్కెట్‌లో గుత్తాధిపత్యం ఉంది కాబట్టే ఇలా ఒత్తిడి తెస్తోందని ఎక్సైజ్ మంత్రి జూపల్లి కృష్ణారావు అన్నారు. గుత్తాధిపత్యం మాట తీసిపారేసేది కాదు. అప్పటికి తెలంగాణలో అమ్ముడయ్యే బీరులో దాదాపు మూడింట రెండు వంతులు ఆ ఒక్క కంపెనీదే. బకాయి ఎంతన్నదానిపై ఇరువైపుల అంకెలు వేరు, కానీ రెండూ వందల కోట్లే. 2025 జనవరి 20న సరఫరా తాత్కాలికంగా మొదలైంది. ఫిబ్రవరి 11 నుంచి బీరు ధర 15 శాతం పెరిగింది. రిటైర్డ్ హైకోర్టు జడ్జి నాయకత్వంలోని కమిటీ సిఫారసు అది.

కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో ఇంకా స్పష్టంగా చూడాలంటే సరిహద్దు దాటాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 1 నుంచి చిల్లర దుకాణాలు కూడా ప్రభుత్వానివే అయ్యాయి. డిపో సర్కారుది, షాపు సర్కారుది, షెల్ఫు మీద ఏ సీసా పెట్టాలో నిర్ణయించేదీ సర్కారే. చూస్తుండగానే కింగ్‌ఫిషర్ లాంటి అలవాటైన పేర్లు అరుదయ్యాయి, బూమ్ బూమ్ లాంటి పేర్లు నిండాయి. యునైటెడ్ బ్రూవరీస్‌కు శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ప్లాంటే ఉంది. బీరు పక్కూళ్లోనే తయారవుతున్నా పక్కూరి షాపులో దొరకని పరిస్థితి. బూమ్ బూమ్ మీద పుట్టినన్ని జోకులు మరే బీరు మీదా పుట్టి ఉండవు. దాని రుచి సంగతి పక్కన పెడితే, తాగేవాళ్ల మంట వేరే: ‘అన్నా, లైటుంటే ఇవ్వు’ అంటే ‘ఇదొక్కటే ఉంది’ అనే జవాబు. 2024 అక్టోబర్ 16న 3,396 ప్రైవేటు దుకాణాలు తెరుచుకోవడంతో పాత బ్రాండ్లు షెల్ఫుల మీదికి తిరిగొచ్చాయి. డిపో మాత్రం అలాగే ఉంది.

నలభై దాటినవాళ్లు ‘ఆ రోజుల్లో బీరు’ అని తలుచుకునే పేర్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. నాకౌట్, హేవర్డ్స్ 5000, రాయల్ ఛాలెంజ్, ఫోస్టర్స్ ఒకప్పుడు మూడు వేరువేరు కంపెనీలవి.  దక్షిణాఫ్రికాకు చెందిన బీరు కంపెనీ ఎస్ఏబీ 2001లో నాకౌట్‌తో సహా మైసూర్ బ్రూవరీస్‌ను కొంది. షా వాలెస్ బీరు వ్యాపారంలో 2003లో భాగం తీసుకుని 2005కు పూర్తిగా సొంతం చేసుకుంది. దాంతో హేవర్డ్స్, రాయల్ ఛాలెంజ్ దాని చేతికొచ్చాయి. 2006లో ఫోస్టర్స్ ఇండియా. 2016లో ఆ మొత్తాన్ని బెల్జియం బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ మింగింది. కింగ్‌ఫిషర్ వైపు చూస్తే, 2021లో యునైటెడ్ బ్రూవరీస్ మీద పట్టు డచ్చి కంపెనీ హైనెకెన్‌కు దక్కింది. లేబులు మీద బొమ్మ అదే, లోపల నిర్ణయాలు చేసే ఆఫీసు మాత్రం మారింది. చిన్న కంపెనీలు ఎందుకు అమ్ముకున్నాయంటే జవాబు కొంత డిపో దగ్గరే దొరుకుతుంది. నెలల తరబడి బకాయి మోస్తూ, రాష్ట్రానికో లేబులు ఫీజు కడుతూ, పాత ధరకే సరుకిస్తూ నిలబడాలంటే జేబు లోతుగా ఉండాలి.

లేబులు రిజిస్ట్రేషన్ ఎంత పని చేస్తుందో బీరా 91 చూపించింది. కంపెనీ పేరులోంచి ‘ప్రైవేట్’ అన్న ఒక్క మాట తీసేసినందుకు రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో లేబుళ్లన్నీ మళ్లీ రిజిస్టరు చేయించాల్సి వచ్చింది. నెలల పాటు అమ్మకాలు ఆగాయి, పాత లేబుళ్ల సరుకు కోట్లలో వృథా అయింది. కొత్తతరం బీరు అనిపించుకున్న కంపెనీకే ఆ గతి.

ఇక కంపెనీల వైపు మచ్చ. 2021 సెప్టెంబర్ 24న, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ యునైటెడ్ బ్రూవరీస్‌కు సుమారు 752 కోట్లు, కార్ల్స్‌బెర్గ్ ఇండియాకు సుమారు 121 కోట్లు జరిమానా వేసింది. ముందుగా ఒప్పుకున్నందుకు ఏబీ ఇన్‌బెవ్‌కు పూర్తి మినహాయింపు దక్కింది. 2009 నుంచి 2018 దాకా ఈ కంపెనీలు మాట్లాడుకుని ధరలు కోట్ చేశాయని తేల్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. 2022 డిసెంబర్‌లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును సమర్థించింది. కాబట్టి ‘పాపం కంపెనీలు’ అని ఎవరూ కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. అయితే కొనేవాడు ఒక్కడే ఉన్న చోట అమ్మేవాళ్లు కూడబలుక్కోవడం వింతేమీ కాదు. ఆ ఒక్క కిటికీ దగ్గర అందరూ ఒకే మాట మీద నిలబడితే చాలు మరి.

ధర బిగించినప్పుడు ఏ బ్రూవరీకైనా సర్దుకునే చోట్లు నాలుగే ఉన్నాయి. మొదటిది గింజ. బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఖరీదు; బియ్యపు అటుకులు, మొక్కజొన్న, చక్కెర పాకం చవక. మాల్ట్ తగ్గి చక్కెర పెరిగేకొద్దీ బీరు పలచబడుతుంది, నురుగు తొందరగా కూలిపోతుంది, మత్తు మాత్రం తగ్గదు. రెండోది చిక్కదనం. లైటుకు వంద గ్రాముల వోర్ట్‌లో, అంటే పులియబెట్టే ముందటి మాల్ట్ రసంలో, 11-12 గ్రాముల తీపి చాలు, 8 శాతం స్ట్రాంగుకు 15-16 కావాలి. చాలా బ్రూవరీలు చిక్కగా కాచి పులియబెట్టి, చివర్లో ఆక్సిజన్ తీసేసిన నీళ్లు కలుపుతాయి. అదే ట్యాంకులో ఎక్కువ కేసులు వస్తాయి. ఆ నీళ్లలో ఆక్సిజన్ కాస్త మిగిలినా బీరు కొన్ని వారాలకే తడి అట్టముక్క వాసన కొడుతుంది.

మూడోది రోజులు. పాతకాలపు పద్ధతిలో లాగర్, అంటే చల్లగా పులియబెట్టే మామూలు సీసా బీరు, నాలుగైదు వారాలు చల్లగా పడి ఉండేది. ఇప్పుడు రెండు మూడు వారాల్లో ట్యాంకు ఖాళీ అవుతుంది. పులియడం ముగిసే దశలో 14-16 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు ఆగితే, డయాసిటైల్ అనే వెన్నవాసన పదార్థాన్ని పులియబెట్టే ఈస్టే తినేస్తుంది. ఆ రెండు రోజులు కోసేస్తే గుక్క చివర నాలుక మీద కరిగిన వెన్న, బటర్‌స్కాచ్ లాంటి జిడ్డు తగులుతుంది. పులిసే వేడి పెంచి తొందరపెడితే ఇంకో రకం తప్పు: ఘాటైన భార ఆల్కహాళ్లు, నెయిల్ పాలిష్‌ను గుర్తుచేసే వాసన. ఏప్రిల్, మేలో గిరాకీ పెరిగేటప్పుడు ఈ తప్పులకు ఆస్కారం ఎక్కువ. నాలుగోది సీసా. కొత్త గాజు ఖరీదు కాబట్టి పాత సీసాలే కాస్టిక్ నీళ్లలో కడిగి తిరుగుతుంటాయి. భుజం దగ్గర, అడుగున ఒరుసుకున్న తెల్లటి గీతల వలయం ఎంత వెడల్పుంటే ఆ సీసా అన్ని లైన్లు తిరిగినట్టు. దానివల్ల బీరు చెడదు గాని, మూత కూర్చునే అంచు పెచ్చు లేచి ఉంటే గ్యాసు పోతుంది.

‘ఇప్పటి బీరులో గ్లిజరిన్ కలుపుతున్నారు’ అనే మాట ఒకటుంది. రుజువుగా సీసాను నీళ్ల గ్లాసులో బోర్లించి, పచ్చటి తీగలా కిందికి జారే ద్రవాన్ని చూపిస్తారు. అది గ్లిజరిన్‌కు రుజువు కాదు. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు లాగర్ మామూలుగా 1,005 నుంచి 1,010 గ్రాములు తూగుతుంది, పులియని చక్కెరలు కొన్ని మిగులుతాయి కాబట్టి. బరువైనది కిందికి జారుతుంది, తేలికైన నీళ్లు సీసాలోకి ఎక్కుతాయి. చక్కెర నీళ్లతో చేసినా అదే తీగ కనబడుతుంది.

స్ట్రాంగు ఇంతగా పాతుకుపోవడానికీ ధరలే కారణం. లైటుకూ స్ట్రాంగుకూ సీసా మీద తేడా కొద్ది రూపాయలే, లోపలి ఆల్కహాల్ తేడా 5కూ 8కీ ఉన్నంత. లెక్క తెలిసిన తాగుబోతు ఏది తీసుకుంటాడో వేరే చెప్పాలా? అలా అలవాటైన నాలుకకు మంచి పిల్స్‌నర్, అంటే తేలికైన చేదు లాగర్, ‘నీళ్లలా’ అనిపిస్తుంది.

డిపో గడప తొక్కకుండా ట్యాంకులోంచి నేరుగా గ్లాసులోకి వచ్చే బీరు మైక్రో బ్రూవరీలది. తెలంగాణలో వాటికి 2015లో నిబంధనలొచ్చాయి. అక్కడ కంపెనీ అడిగే ధరకూ తాగేవాడికీ మధ్య బేసిక్ ధర కమిటీ లేదు. అందుకే రుచుల్లో ధైర్యం కనబడుతుంది. కానీ ఎక్కడికెళ్లినా ముందు హెఫెవైజెన్, అంటే గోధుమ బీరే ఎందుకు చేతికిస్తారు? సగానికి పైగా గోధుమ మాల్ట్ వేసి 18-22 డిగ్రీల్లో పులియబెడితే రెండు వారాల్లోపే సిద్ధం. మబ్బుగా ఉండటమే దాని లక్షణం కాబట్టి వడపోత కూడా అక్కర్లేదు. అరటిపండు, లవంగం వాసన ఈస్టే ఇస్తుంది. పాత పద్ధతిలో చేసే లాగర్ అయితే అదే ట్యాంకును నెలకుపైగా పట్టుకుని కూర్చుంటుంది. నగరం మధ్యలో అద్దె కట్టేవాడికి అది గిట్టదు. గోధుమ బీరులో కాలిన రబ్బరు, మందుల షాపు వాసన వస్తే ఈస్టు అలసిపోయిందనో, పైపులు సరిగా కడగలేదనో అర్థం. పుల్లగా ఉంటే ఆ గ్లాసు వెనక్కి పంపడంలో మొహమాటం అక్కర్లేదు.

సీసా బీరుకు ఆ వీలు లేదు. నింపే ముందో తర్వాతో అరవై డిగ్రీలకో అంతకు మించో వేడిచేసి సూక్ష్మజీవులను చంపుతారు గనక అది పులియదు, కానీ పాతబడుతుంది. నిల్వ వేడి పది డిగ్రీలు పెరిగితే పాతబడే వేగం రెండు మూడు రెట్లవుతుంది. బకాయి గొడవల మధ్య ఆర్డరు కోసం బ్రూవరీలో ఎదురుచూసి, డిపోలో మే నెల ఎండకు రేకుల కింద పడి, వైన్స్‌లో ఫ్రిజ్ చేరేసరికి లేబులు మీద ఆరు నెలల గడువున్నా సరుకు ముసలిదై ఉంటుంది. తీసుకునే ముందు తయారీ తేదీ చూడాలి, రెండు నెలలు దాటని సీసా వెతుక్కోవాలి. ఏ ఊళ్లో కాచారో కూడా అక్కడే ఉంటుంది. సంగారెడ్డి అని ఉంటే హైదరాబాద్‌కు గంటన్నర ప్రయాణం. అంత దగ్గర్నుంచి వచ్చిన సీసా మీద నాలుగు నెలల కిందటి తేదీ కనబడితే, ఆ నాలుగు నెలలూ అది దారిలో గడపలేదు.